జానెడు కొస

మూడేళ్ళుగా మాటల్లేని ఇద్దరు తోడికోడళ్ళను తెచ్చి, ఒకే తాడుకు ఆ కొసన ఒకరినీ ఈ కొసన ఒకరినీ కట్టే ధైర్యం ధర్మవరంలో పుట్టి పెరిగినవాడెవడూ చేయడు. ఉదయ్ కుమార్ చేశాడు. పాపం, అతనిది ముదిగుబ్బ. మగ్గాల వీధి సంగతులు అతనికేం తెలుసు?

రైలు గేటు అవతల ఒక పాత రేకుల షెడ్డు ఉంది. ఒకప్పుడు అందులో పట్టుదారానికి పురిపెట్టే మిషన్లు తిరిగేవి. మిషన్లు పోయాక పదేళ్ళపాటు గబ్బిలాలు కాపురమున్నాయి. గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, బెంగుళూరులో గోడలెక్కడం నేర్పే చోట ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చిన ఉదయ్ ఆ షెడ్డును బాడుగకు తీసుకున్నాడు. లోపల ముప్పై అడుగుల ఎత్తున చెక్కగోడ లేపి, దాని నిండా ఎర్రవీ పచ్చవీ నీలివీ పిడులు బిగించాడు. పై దూలం మీదుగా, రెండు కొసలూ కిందికి వచ్చేలా తాళ్ళు వేలాడదీశాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి, "సుట్టూ ఇన్ని గుట్టలు పెట్టుకోని ఈ యప్ప ఇంట్లో ఇంగో గుట్ట కట్టినాడే!" అని నవ్వుకుంటూ పోయారు.

నవ్వినవాళ్ళు నవ్వగా, పుట్టపర్తి, కొత్తచెరువు బళ్ళ నుంచి పిల్లలు వ్యాన్లలో రావడం మొదలైంది. ఆడపిల్లలకు నడుము పట్టీలు బిగించడానికీ, కింద నిలబడి తాడు పట్టడానికీ ఆడమనుషులు కావాల్సి వచ్చారు. మూడు వారాలు ఊరికే నేర్పుతాను, ఆఖరున పరీక్ష పెడతాను, నెగ్గిన జంటకు నెలజీతం మీద పని ఇస్తాను అని ఉదయ్ మగ్గాల వీధిలో చెప్పి పోయాడు. మగ్గం పని చేసినవాళ్ళ వేళ్ళలో పట్టు ఉంటుందని అతని నమ్మకం.

ఎనిమిదిమంది వచ్చారు. వాళ్ళలో సుజాత ఉంది. ఆమె గడప దాటి లోపలికి వచ్చి చూసేసరికి, కూతురి చుడీదారు తొడుక్కుని, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని, హనుమక్క ఒక మూల నిలబడి ఉంది. సుజాతకు నలభై నాలుగు, హనుమక్కకు నలభై ఎనిమిది. అన్నదమ్ముల పెళ్ళాలు, ఒకే గోడకు అటూ ఇటూ కాపురం. నాలుగు రోజులకొకసారి నీళ్ళ ట్యాంకరు వస్తే, ఇద్దరి బిందెలూ పక్కపక్కనే ఉంటాయి. మనుషులు మాత్రం చెరో దిక్కు చూస్తూ నిలబడతారు.

వెనక్కి తిరిగి పోదామనే అనుకుంది సుజాత. పోతే ఇంకో పని దొరకదని గుర్తొచ్చి ఆగిపోయింది.

ఉదయ్ ఒక కాటా తెచ్చి అందర్నీ ఒక్కొక్కరినీ నిలబెట్టాడు. "ఎక్కే మనిషీ, కింద తాడు పట్టే మనిషీ ఇంచుమించు ఒక్క బరువుండాలక్కా. లేకుంటే పైనున్నామె కిందికి వస్తాది, కిందున్నామె పైకి పోతాది" అన్నాడు. సుజాత అరవై ఒకటి, హనుమక్క అరవై మూడు. "మీరిద్దరూ జంట" అన్నాడు. మిగిలిన ఆరుగురూ ఊపిరి బిగబట్టారు. ఒకామె అతని చెవిలో ఏదో ఊదింది. అతను తల గోక్కుని, "తాడుకు మీ కొట్లాట తెలీదులే అక్కా" అన్నాడు. అంతటితో ఆ సంగతి తేలిపోయిందనుకున్నాడు.

ఆ కొట్లాట సంగతి చెప్పాలి. చెప్పకపోతే సుజాతను మంచిదని అనుకునే ప్రమాదం ఉంది. మంచిదే, కాదనను. కానీ ఆ ఒక్క పూట కాదు.

మగ్గం మీద పరిచిన నిలువు దారాలు, అంటే పడుగు, అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా కలపాలి. అయిదారు వేల పోగులుంటాయి. వేళ్ళకు ఇంత బూడిద అద్దుకుని, రెండు కొసలూ పక్కన చేర్చి, ఒక్క మెలిక తిప్పుతారు. అతికినట్టు కనపడకూడదు, కొస మిగలకూడదు. వెంట్రుకంత మిగిలినా అది మగ్గం పళ్ళలో తట్టుకుని పోగు తెగుతుంది. ఈ పనిలో వీళ్ళిద్దరి జంటకు ఎదురు లేదు. హనుమక్క కుడి అంచున కూర్చునేది, సుజాత ఎడమ అంచున కూర్చునేది. ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటూ, ఒకరి వైపు ఒకరు జరుగుతూ వచ్చి, నడుమన మోకాళ్ళు తగిలేదాకా అతికేవాళ్ళు. మోకాళ్ళు తగిలితే పని అయినట్టు. అప్పుడు ఇద్దరూ కలిసి టీ తాగేవాళ్ళు.

మూడేళ్ళ కిందట పెళ్ళిళ్ళ కాలంలో ఒక పడుగు అతికారు. దాని మీద మూడు చీరలు దిగాయి. మూడింటికీ నట్టనడుమ బెత్తెడు మేర చార పడింది. పోగులు తారుమారయ్యాయి. షావుకారు చంద్రమోహన్ చీరలు తెచ్చి అరుగు మీద పడేసి, "ఎవరి చెయ్యి ఇది?" అని అడిగాడు. అది ఇద్దరూ కలుసుకునే చోటు. ఎవరిదైనా కావచ్చు. హనుమక్క చీర చేతిలోకి తీసుకుని ఇంకా చూస్తూనే ఉంది.

"అక్క ఆ పొద్దు కునుకుతాండె సావుకారూ" అంది సుజాత.

కునికిన మాట నిజమే. అత్త భద్రమ్మకు జ్వరమొస్తే మూడు రోజులు నిద్ర మేలుకున్నది హనుమక్కే. అందుకే ఆ మాట అందరికీ నమ్మబుద్ధేసింది. షావుకారు ఆమెకు పడుగులు పంపడం మానేశాడు. అతన్ని చూసి మిగతావాళ్ళూ మానేశారు. వీధిలో ఆమెకు 'నిద్రమొగమామె' అని పేరు పడింది. హనుమక్క చెనక్కాయల మిల్లులో పుచ్చులు ఏరే పనికి పోయింది. సుజాతతో ఒక్క మాటా అనలేదు. కొట్లాడనూ లేదు. మాట్లాడడం మానేసింది, అంతే.

సుజాత కూడా తన మాట నిజమేననుకుంది. ఎప్పుడైనా కావాల్సి వస్తుందని, ఆ పడుగు మొదట కోసేసిన అతుకుల ముక్కను ట్రంకుపెట్టెలో దాచింది కూడా. సాక్ష్యమట!

ఏడాది కిందట ఒకరోజు బస్సు కోసం నిలబడి, తోపుడుబండి మీద కళ్ళజోళ్ళు అమ్ముతుంటే ఊరికే ఒకటి పెట్టుకుని చూసింది. తన అరచేతి గీతలు ఎంత లోతుగా ఉన్నాయో కనపడి హడలిపోయింది. దూరాన బస్సు మీది బోర్డు ఆమె బాగానే చదవగలదు. దగ్గరివే ఎప్పటినుంచో మసక. పోగులు వేళ్ళకు తెలుస్తున్నాయి కదా అని నెట్టుకొస్తోంది. ఆ జోడు కొనుక్కుని ఇంటికి పోయి, తలుపు వేసుకుని, ట్రంకుపెట్టెలోంచి ఆ ముక్క తీసి చూసింది. హనుమక్కది ఎడమచేతి వాటం. ఆమె పెట్టే పురి ఒకవైపు తిరుగుతుంది, సుజాతది ఇంకోవైపు. చార పడిన ఆ బెత్తెడు మేరలో ప్రతి పోగూ సుజాత వైపే తిరిగి ఉంది.

ఆ రోజు నుంచి ఆమెకు అన్నం సహించలేదంటే అబద్ధం. అన్నం తింది, పని చేసింది, పండగలు చేసుకుంది. కళ్ళజోడు మాత్రం నలుగురిలో పెట్టుకోలేదు. పెట్టుకుంటే ఎవరో ఒకరు "ఎప్పటినుంచి?" అని అడుగుతారు. వీధిలో లెక్క కట్టేవాళ్ళకు కొదవ లేదు. అందుకని జోడును గుడ్డసంచీ అడుగున దాచి, తడుముకుంటూ అతికింది. ఒక రోజు పని మూడు రోజులైంది. పడుగులు రావడం తగ్గిపోయింది. మగ్గం మీద ఉన్న మొగుడు ఓబులేష్ ఒకసారి తల గీరుకుంటూ, "గోడలెక్కే యప్ప పని చెప్పినాడంట, పోయి చూడరాదూ" అన్నాడు. సుజాత వచ్చి అక్కడి తాడు చూసింది. బొటనవేలంత లావుంది. ఈ దారమైతే నాకు కనపడుతుంది అనుకుంది. ఈ పని దొరకకపోతే ఆమెకు మిగిలింది కళ్ళజోడూ, వీధిలో ప్రశ్నా.

మొదటిరోజు ఆరడుగులు ఎక్కేసరికే మోచేతుల కిందంతా బిగుసుకుపోయి వేళ్ళు మూసుకోలేదు. "చేతులతో లాక్కోవద్దక్కా. కాళ్ళ మీద లెయ్. చేతులు ఊరికే గోడను విడవకుండా ఉండేదానికే" అని కింద నుంచి ఉదయ్ అరిచాడు. చెప్పడం సులువే. భయపడిన మనిషికి కాళ్ళున్న సంగతి గుర్తుంటుందా? బూట్లు ఒక సైజు చిన్నవి ఇచ్చాడు, బొటనవేలు ముడుచుకుంటేనే చిన్న పిడి మీద నిలుస్తుందట. చేతులకు చెమట పట్టకుండా రాసుకోమని సంచీలో తెల్లపొడి ఇచ్చాడు. "ఏమప్పా, విబూదా?" అని ఒకామె నుదుటికి పెట్టుకుంది. సుజాత మాత్రం ఆ పొడి వేళ్ళకు అద్దుకోగానే, ఎందుకో ఓరగా హనుమక్క వైపు చూసింది. హనుమక్క కూడా తన వేళ్ళే చూసుకుంటోంది. పడుగు ముందు కూర్చుని బూడిద అద్దుకున్నట్టే ఉంది.

ఎక్కే ముందు ముడి వేసుకోవాలి. తాడును ఎనిమిది అంకెలాగా తిప్పి, నడుము పట్టీలోంచి దూర్చి, వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి పోనిచ్చి బిగించాలి. సుజాత రెండుసార్లు చూసి వేసేసింది. అంత తొందరగా నేర్చుకున్నవాళ్ళు బెంగుళూరులో కూడా లేరని ఉదయ్ మెచ్చుకోబోయి, ముడి చూసి ఆగిపోయాడు. మిగిలిన తాడు కొసను ఆమె ముడి లోపలికే మడిచి దూర్చేసింది. చూడ్డానికి ముచ్చటగా ఉంది.

"కొస యాడక్కా?"

"లోపలికి పెట్టేసినా. యాలాడతా ఉంటే ఏం బాగుంటాది?"

"అయ్యో! బయటికి జానెడు ఉండాలక్కా. బరువు పడితే ముడి జారతాది. ఆ జానెడే నీ ప్రాణం."

కొస దాచడం పాతికేళ్ళ అలవాటు. దాచొద్దంటే చేతులకు సిగ్గేసింది. ఉదయ్ ఎదురుగా జానెడు కొలిచి చూపించి, జంటలో కింది మనిషి ఎక్కే మనిషి ముడినీ, పట్టీనీ ప్రతిసారీ చూడాలనీ, చూశాకే పైకి పంపాలనీ చెప్పాడు. చేత్తో లాగి చూడాలట. హనుమక్క పట్టీ చేత్తో లాగడమంటే హనుమక్కను తాకడమే. సుజాత రెండడుగుల దూరం నుంచి వంగి చూసి, సరేననేది. హనుమక్క కూడా అంతే.

కింద ఉన్నామె, పైకెక్కే ఆమె ఒకరికొకరు చెప్పుకోవాల్సిన మాటలు నాలుగున్నాయి. అవి చెప్పనిదే కాలు నేల విడవకూడదని ఉదయ్ కట్టడి. బెంగుళూరులో ఇంగ్లీషులో ఉండేవాటిని అతనే మన మాటల్లోకి తెచ్చాడు.

"పట్టినావా?" అని హనుమక్క గోడను అడిగేది.

"పట్టినా" అని సుజాత నేలకు చెప్పేది.

"ఎక్కుతాండా."

"ఎక్కు."

మూడేళ్ళలో వాళ్ళ మధ్య నడిచిన మాటలు ఇవే. మిగతావాళ్ళకు మొదట్లో నవ్వొచ్చింది, తర్వాత అలవాటైంది. సుజాతకు మాత్రం అలవాటు కాలేదు. పొద్దున లేచి షెడ్డుకు పోయేటప్పుడు, ఈ పూట ఆ 'పట్టినావా' అనే మాట ఎన్నిసార్లు వినవచ్చోనని లెక్క వేసుకునేది. ఇంత వయసొచ్చి ఇదేం పిచ్చి అని తనను తానే తిట్టుకునేది. అయినా వేసుకునేది.

రెండు వారాలు గడిచేసరికి గుంపు పలచబడింది. ఒకామె బూట్లు కరుస్తున్నాయని మానేస్తే, ఆమెకు జంటగా ఉన్నామె కూడా మానేసింది. ఒకామె మొగుడు నవ్వాడని మానేసింది. ఇంకొకామె పైకంటా పోయి, చేతులు వదలమనగానే ఊళ్ళోని దేవుళ్ళందర్నీ పేరుపేరునా పిలిచి, దిగాక ఉదయ్‌ను నాలుగు తిట్టి పోయింది. తప్పు ఆమెది కాదు. ఈ విద్యలో కష్టమంతా అక్కడే ఉంది. గోడ పైన కట్టిన గంట కొట్టాక, రెండు చేతులూ గోడ మీంచి తీసేసి, వెనక్కి వాలి, తాడు మీద కూర్చోవాలి. అప్పుడు కింద మనిషి మెల్లగా దించుతుంది. కిందనున్నామె మీద నమ్మకం లేకపోతే చేతులు ఊడిరావు.

సుజాత అయిదో రోజే కూర్చుంది. కళ్ళు గట్టిగా మూసుకుని వదిలేస్తే, హనుమక్క తాడు బెత్తెడు కూడా జారనివ్వలేదు. దించేటప్పుడు, తొట్టిలో పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించింది. నేల తాకాక సుజాతకు కృతజ్ఞత చెప్పాలనిపించింది. ఆ నాలుగు మాటల్లో అది లేదు.

హనుమక్క మాత్రం కూర్చోలేదు. చక్కగా ఎక్కేది, కాళ్ళు వాడడం ఆమెకే ముందు వచ్చింది. గంట కొట్టేది. "కూర్చో అక్కా" అని ఉదయ్ అరిస్తే, ఒకసారి కిందికి, సుజాత చేతుల వైపు చూసేది. మళ్ళీ గోడ పట్టుకుని, ఒక్కో పిడీ తడుముకుంటూ దిగి వచ్చేసేది. ప్రతిరోజూ అంతే. "పరీక్షలో కూర్చోవాల్సిందే అక్కా. కూర్చోకుంటే జంట మొత్తం పోతాది" అని ఉదయ్ బతిమాలాడు. హనుమక్క బూట్లు విప్పుకుంది. సుజాత తాడు చుట్టి పెడుతూ తల ఎత్తలేదు. ఆమె ఎందుకు కూర్చోవడం లేదో ఆ షెడ్డులో సుజాతకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

శనివారం పొద్దున పరీక్ష. వీళ్ళిద్దరూ, ఇంకో జంటా మిగిలారు. ఆ జంటకు ముందురోజే అయిపోయింది, వాళ్ళు నెగ్గలేదు. "నేను నోరు తెరవను. అంతా మీరే చూసుకోవాల" అని ఉదయ్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

సుజాత ముందు ఎక్కింది. గంట కొట్టి, కూర్చుని, దిగింది. తర్వాత హనుమక్క వచ్చింది. కంగారుగా, గబగబా ముడి వేసుకుంది. తాడు తిప్పింది, దూర్చింది, వెనక్కి పోనిచ్చింది, బిగించింది. సుజాత వంగి చూసింది. ఎప్పటిలాగే రెండడుగుల దూరం, ఎప్పటిలాగే మసక. రెండు వరసలూ ఒద్దికగా, నున్నగా కనపడ్డాయి. ముడి ఆకారం సరిగ్గానే ఉంది.

"సరిగా ఉండాది" అంది.

"పట్టినావా?"

"పట్టినా."

"ఎక్కుతాండా."

"ఎక్కు."

హనుమక్క ఎక్కింది. సుజాత తాడు లాగుతూ పైకి చూస్తోంది. మనిషి ఎత్తు దాటి, ఇంకో మనిషి ఎత్తు దాటుతోంది. దూరం పోయేకొద్దీ సుజాతకు అంతా తేటగా కనపడసాగింది. బూటు అంచున ఊడిన దారం కనపడింది, జడకు చుట్టిన రబ్బరు కనపడింది. నీలం పిడి కోసం హనుమక్క పక్కకు ఒళ్ళు తిప్పింది. నడుము దగ్గర ముడి కనపడింది. ముడి కింద ఏమీ వేలాడడం లేదు.

కంగారులో వేళ్ళు మూడు వారాల పాఠం మరిచిపోయి, పాతికేళ్ళ పాఠం చేసేశాయి. కొస లోపలికి పోయింది.

ఉదయ్ నోరు తెరిచాడు. అతని గొంతు పెగిలేలోపే షెడ్డు రేకులు అదిరేలా కేక వినపడింది.

"అక్కా! ఆగు! ముడికి కొస లేదు!"

ఆ నాలుగు మాటల్లో 'అక్కా' లేదు. పైన హనుమక్క గోడకు అతుక్కుపోయింది.

"చేతులు వదలద్దు. తాడు మీద బరువు ఎయ్యద్దు. నా మాట ఇను. ఎడమకాలు కిందికి దించు, పచ్చది ఉండాది. ఇంగా కొంచెం. ఆ, అదే. ఇప్పుడు కుడిచెయ్యి ఎర్రదానికి తే." ఉదయ్ పరుగున పోయి దళసరి పరుపును గోడ కిందికి తోశాడు. ఒక్కో పిడీ ఒక్కో మాటగా హనుమక్క దిగింది.

హనుమక్క తన ముడిని చూసుకుంది. దాచిన కొసను వేలితో బయటికి లాగింది. అంగుళం కూడా లేదు. తలెత్తి, మూడేళ్ళ తర్వాత మొదటిసారి సుజాత మొహంలోకి సూటిగా చూసింది.

"ఏమ్మే, ఇప్పుడే గదా వంగి చూసి సరిగా ఉండాదంటివి? ఈడ కనపడంది అంత దూరం నుంచి ఎట్ల కనపడె?"

జవాబు నోటి కొసనే ఉంది. కంగారులో సరిగా చూడలేదక్కా అంటే చాలు. ఎవరైనా నమ్ముతారు. షావుకారు ముందు కూడా ఇలాగే నమ్మబుద్ధేసే మాట నోటి కొసన ఉండింది, అనేసింది. సుజాత ఆ మాట మింగింది. తాడు పక్కన పెట్టి, మూలకు పోయి, గుడ్డసంచీ అడుగున చెయ్యి పెట్టింది. కళ్ళజోడు తీసి, తెల్లపొడి అంటిన చేతులతోనే తొడుక్కుని వచ్చి, హనుమక్క ఎదురుగా నిలబడింది.

"ఎప్పట్నుంచి?" అంది హనుమక్క.

"ఆ చీరల కంటే ముందు నుంచి." అంది సుజాత. "ఆ పొద్దు తప్పు నీ కునుకుది గాదక్కా. నా కంటిది. ఆ బెత్తెడూ నా పురే. ఏడాది కిందట్నే తెలిసె నాకు. చెప్పలేదు."

ఉదయ్‌కు అర్థమైంది సగమే అయినా, చెయ్యి పెట్టకూడని చోటని తెలిసింది. "అక్కా, ఈ పొద్దుకు చాలు. పరీక్ష సోమవారం పెట్టుకుందాం" అన్నాడు మెల్లగా.

"నువ్వుండప్పా" అంది హనుమక్క.

ముడి మొత్తం విప్పేసింది. మళ్ళీ మొదటినుంచి వేసింది, నిదానంగా. కొస జానెడు కాదు, జానెడున్నర వదిలింది.

"అక్కా, తాడు ఉదయ్ పట్టుకుంటాడులే" అంది సుజాత. అడగడానికే భయమేసింది.

"ఆ యప్ప ఎందుకు? పట్టాల్సింది నువ్వు గదా. చూడు."

రెండు చేతులూ పక్కకెత్తి నిలబడింది. సుజాత దగ్గరికి పోయింది. కళ్ళజోడులోంచి రెండు వరసలూ విడివిడిగా కనపడ్డాయి. చేత్తో పట్టీ లాగింది. ముడి లాగింది. కొస మీద బొటనవేలూ చిటికెనవేలూ చాచి కొలిచింది. ఆ పని చేస్తుంటే ఇద్దరి మోకాళ్ళూ తగిలాయి. ఇద్దరిలో ఎవరూ జరగలేదు.

"పట్టినావా?"

"పట్టినా."

"ఎక్కుతాండా."

"ఎక్కు అక్కా."

హనుమక్క ఆగకుండా ఎక్కింది. గంట కొట్టింది. రోజూలాగే కిందికి, సుజాత చేతుల వైపు చూసింది. ఈసారి అక్కడే ఉండిపోయింది. ఉదయ్ కూర్చోమని అరవలేదు. సుజాతకు అడిగే మొహం లేదు. తాడు బిగించి, తల ఎత్తి, నిలబడింది. కిందికి దిగి వచ్చేస్తే అది ఆమె ఇష్టం, తప్పు పట్టడానికి ఏమీ లేదు అనుకుంది.

పైన ఎడమచెయ్యి గోడ విడిచింది. చాలాసేపటికి కుడిచెయ్యి కూడా విడిచింది.

అరవై మూడు కిలోల బరువు ఒక్కసారిగా తాడు మీదికొచ్చి, సుజాత మునివేళ్ళ మీదికి లేచింది. పట్టు విడవలేదు. మడమలు మళ్ళీ నేలకు ఆనించింది. దూలం కింద హనుమక్క తాడు మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అటూ ఇటూ కొద్దిగా ఊగుతోంది.

"మూడేండ్లమ్మే!" అని పైనుంచి వినపడింది. గొంతు రేకులకు తగిలి రెండింతలైంది. "మూడేండ్లు! అత్తకు జరమని నేను నిద్ర మేలుకుంటే, నువ్వు గుర్రు పెట్టి పండుకుంటివి. ఆ నిద్రనే తెచ్చి నా మొగాన పూస్తివి. నిద్రమొగందని నా బిడ్డను బళ్ళో అంటే అది ఏడ్సుకుంటా వచ్చె. మిల్లులో దుమ్ముకు దగ్గు పట్టె నాకు. పుచ్చు గింజలు ఏరేటప్పుడంతా నీ మొగమే కనపడె. ఏడాది! ఏడాది నుంచి తెలిసి, నా పక్కన్నే బిందె పెట్టి నీళ్ళు పట్టుకుంటివి గదే! కండ్లు కనపడలేదు సరే, నోరు ఏమాయె నీకు?"

ఇంకా చాలా వచ్చాయి. పెళ్ళయిన కొత్తలో విరిగిపోయిన గాజుల సంగతీ వచ్చింది, ఎవరి సీమంతంలోనో పెట్టిన తక్కువ తాంబూలం సంగతీ వచ్చింది. సుజాత తల ఎత్తి అన్నీ వింది. కళ్ళజోడు వెనక కన్నీళ్ళు నిండి, అద్దాలు మసకబారాయి. తుడుచుకుందామంటే రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి.

ఉదయ్ పక్కకు వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "పాసయినట్లే అక్కా, ఇద్దరూ. ఇంగ దించెయ్."

"ఉండప్పా" అంది సుజాత, తాడు ఇంకొంచెం బిగించి పట్టుకుని. "అక్క మాట్లాడతాండాది."